ఏడో పుస్తకం అంచు

ఆ వేళ పొద్దున్నే మబ్బు కమ్మింది గాని వాన పడలేదు. వాన పడి వెలిస్తే బైండరుకి ఏ బాధా లేదు. మూత పెట్టిన గిన్నెలా మూసుకుని, ఉక్కపోస్తూ, ఏ సంగతీ తేల్చకుండా రోజంతా అలాగే కూచునే ఆకాశమంటేనే అతనికి చిరాకు. పుస్తకం వీపుకి రాసిన జిగురు ఆరదు. ఆరని వీపు మీద అట్ట తొడిగితే నెల తిరక్కుండా ఉబ్బిపోతుంది. మూడు రోజులుగా ఇదే వరస.

అయినా ఆ మంగళవారం అతను ఆకాశాన్ని తిట్టుకోలేదు. లైబ్రరీ మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. నాలుగు రోజుల కిందట తన నోటుబుక్కు లైబ్రేరియన్ మేడం చేతిలో పెట్టాడు. చదివి ఇవాళ చెబుతానంది.

కథ రాయడం ఎలా, చెప్పడం ఎలా అని నేర్పే పుస్తకాలు ఆ లైబ్రరీలో ఏడున్నాయి. ఏడింటినీ అతను చదివాడు. చదివి ఊరుకోకుండా, ఏ అధ్యాయం చదివితే తనకేమనిపించిందో వరసగా రాసుకున్నాడు. ఆ నోటుబుక్కుకి మంచి కాలికో గుడ్డ వేసి తనే అట్ట కట్టుకున్నాడు. వచ్చే ఆదివారం లైబ్రరీలో చదువరుల సభ. కథల గురించిన పుస్తకాలు చదివి ఎవరికేమనిపించిందో చెప్పుకోవాలి. అందరిలోకీ బాగున్న మాటలు ఏడాది సంచికలో అచ్చేస్తామని మేడం గోడకి కాగితం అంటించింది. అంటించడానికి జిగురిచ్చింది ఇతనే.

గుమ్మంలో అటెండరు బల్లలు తుడుస్తున్నాడు. "ఏం రచయిత గారూ, మొహం ఇవాళ ఇస్త్రీ చేసినట్టుంది?" అన్నాడు.

"నీ గుడ్డ తడిగా ఉంది. ఆ బల్ల మీద పుస్తకాలు పెట్టకు," అన్నాడు బైండరు.

"పెట్టను లెండి. సంచికలో మీ పేరు పడ్డాక మాతో మాట్లాడతారో లేదో ఒక్క మాట చెప్పండి."

బైండరు నవ్వలేదు గాని ఆ మాట అతనికి బాగానే ఉంది.

మేడం గదిలో బల్ల మీద ఆరు పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. దొంతర పక్కన అతని నోటుబుక్కు. ఆవిడ దాన్ని రెండు చేతులతో ఎత్తి అతని వైపు చాపింది.

"ఎంత శ్రద్ధగా రాశారండీ బైండరు గారూ! అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."

అతను నోటుబుక్కు అందుకుని నిలబడ్డాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయంటే, బాగున్నవి అక్షరాలేనని అర్థం. ఏడు పుస్తకాలు చదివిన మనిషికి ఆ మాత్రం తెలుసు.

"ప్రతి అధ్యాయంలో ఏముందో చక్కగా చెప్పారు," అంది మేడం. "మీకేమనిపించిందో ఉంటుందేమోనని వెతికాను. అది కొంచెం తగ్గింది. ఏమనుకోకండేం?"

"ఏమనుకుంటాను మేడం."

"కూచోండి, మీకోటి చూపించాలి." ఆవిడ గొంతు మారింది. ఇష్టమైన తినుబండారం దాచిన పిల్లలా దొంతరలోంచి ఒక పుస్తకం లాగింది. "సభ కోసం ఈ పుస్తకాలన్నీ దించాను. చూస్తే, ఎవరో చదువరి అంచుల్లో పెన్సిల్తో రాసుకుంటూ పోయారు. ఆరింట్లోనూ ఒక్కరి రాతే. పుస్తకాల మీద రాస్తే నాకు ఒళ్ళు మంట. ఇవి మాత్రం చెరపబుద్ధి కాలేదు. వినండి."

ఆవిడ చదివింది.

"'కథని మధ్యలోంచి ఎత్తుకోవాలట. నాకు అన్ని పుస్తకాలూ మధ్యలోనే మొదలవుతాయి. ఎవరో ఏడుస్తుంటారు, ఎందుకో తెలీదు. తెలిశాక నా ఏడుపు సగం తగ్గిపోతుంది. తెలియనప్పుడే బాగుంది.'"

ఇంకో పుస్తకం తీసింది. "ఇది సంభాషణల గురించి. 'మనుషులు మనసులో మాట పైకి అనరని రాశాడు. నిజం. మా అక్క పోయే ముందు రోజు నాతో మాట్లాడిందల్లా దుప్పటి ఉతకడం గురించే.'" మేడం ఆగి, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "చూశారా? రెండు ముక్కలు. అంతే."

బైండరు కుర్చీలో ముందుకి జరిగాడు. ఆ అక్క అతనికి వదిన అవుతుంది. ఆ దుప్పటి ఉతికి ఆరేసిన తీగ అతని పెరట్లోనే ఉంది.

మెడ సాచి పేజీ కేసి చూశాడు. కాస్త వెనక్కి వాలిన అక్షరాలు. పేజీ అడుగున తోక కిందికి లాగిన 'ఏడు' అంకె. పాత పుస్తకం విప్పి, దారాలు తీసి, చిరిగిన మడతలకి పల్చటి కాగితం అంటించి, ఆ మడతల్ని అతను ఇంటికి పట్టుకెళ్తాడు. వాటిని ఫారాలంటారు. ఇంటి దగ్గర భార్య వాటిని మళ్ళీ వరసగా కుడుతుంది. వరస తప్పకుండా ప్రతి ఫారం కింద పెన్సిల్తో అంకె వేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అతను చూస్తున్న అంకెలవి. ఆ 'ఏడు' ప్రపంచంలో ఇంకెవరూ అలా రాయరు.

"ఇది వినండి, దీనికి నేను పగలబడి నవ్వాను," అంది మేడం. "'మనిషికి ఏదో ఒకటి గట్టిగా కావాలి, అప్పుడే కథ కదులుతుందట. మా ఇంట్లో ఒకాయనకి ఇరవై ఏళ్ళుగా ఒకటే కావాలి. ఆయన కథ మాత్రం గడప దాటలేదు. చెప్పులేసుకుని రోజూ ఆయనే దాటుతున్నాడు.'"

ఆవిడ బల్ల మీద చెయ్యేసుకుని నవ్వింది. బైండరు కూడా నవ్వాలి గదా అని పెదవులు లాగాడు. అవి ఎటు పోయాయో అతనికే తెలియలేదు.

"ఎవరై ఉంటారంటారు? పుస్తకాలు తీసుకెళ్ళిన వాళ్ళ జాబితా అంతా చూశాను. ఎవరి రాతా కలవడం లేదు. ఈ పుస్తకాలన్నీ మీ చేతిమీదుగా బైండింగయినవే. మీరెప్పుడైనా గమనించారా?"

"లేదు మేడం," అన్నాడతను. అది నిజమే.

"ఏడో పుస్తకం మీ దగ్గరుంది కదూ, వీపు విరిగింది? అందులో ఉన్నా ఉండొచ్చు. అంచు మాత్రం కొయ్యకండి. ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా సరే. ఆదివారం పొద్దున్న నాకు తెచ్చివ్వండి. ఈసారి సంచికలో వెయ్యాల్సినవి ఇవే."

"సరే మేడం."

కిందికి దిగి తన బైండింగు గదిలో దీపం వేశాడు. గది నిండా జిగురు వాసన. నోటుబుక్కుని బల్ల మీద పెట్టి తెరిచాడు. "ఈ అధ్యాయము మిక్కిలి ఉపయోగకరముగా నున్నది. రచయిత మూడు సూత్రములు చెప్పినారు." ఇంకో పేజీ. "వర్ణన మితముగా నుండవలెనను విషయము నాకు నచ్చినది." ఎక్కడ తిప్పినా ఎవరికో సన్మానపత్రం రాసినట్టుంది. ఒక్క దుప్పటి లేదు.

రోజూ గోటి మందాన అంచు కోస్తాడు గదా, ఆరు పుస్తకాల్లో ఆ రాతల మీద ఒక్కసారీ కత్తి పడకపోయిందే అనుకున్నాడు. అనుకున్నాక లేచి కోత మర మీద గుడ్డ కప్పేశాడు. అయినా ఆ ఆలోచన పోలేదు.

*

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య కిటికీ దగ్గర కుట్టు చట్రం ముందు కూచుని ఉంది. చట్రానికి నిలువుగా మూడు తాళ్ళు. ఒక ఫారం బల్ల మీద పరిచి, మడత మధ్యలోంచి సూది గుచ్చి, తాడు చుట్టూ తిప్పి, మళ్ళీ లోపలికి దూర్చి లాగుతోంది. దారం లాగినప్పుడల్లా మోచెయ్యి కిటికీ చువ్వకి తగిలీ తగలకుండా ఆగుతుంది. పెన్సిలు జుట్టు ముడిలో ఉంది. అది అక్కడ ఉండడం అతను ఏళ్ళ తరబడి చూశాడు. చూసి ఏనాడూ ఏమీ అనుకోలేదు.

"ఇవాళ పెందరాళే వచ్చారే," అంది తల ఎత్తకుండా.

"జిగురు ఆరట్లేదు."

"మీ నోటుబుక్కు సంగతి చెప్పారా మేడం గారు?"

"బాగుందంది."

"ఊఁ," అంది ఆవిడ. ఆ 'ఊఁ'లో ఏముందో విందామని అతను ఆగాడు. దారం లాగిన చప్పుడే వినిపించింది.

కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఎప్పుడూ వేసుకోడు. ఆవిడ ఒకసారి చూసి, వెలుతురుకి అడ్డమని అతన్ని కొంచెం జరగమంది. జరిగాడు. ఆవిడ ఫారాన్ని చేతిలోకి తీసుకుంది. సూది దారంలో ముడి ఉందేమో చూస్తున్నట్టుగా పేజీ కేసి చూసింది. కళ్ళు ఎడమ నుంచి కుడికి జరిగాయి. మళ్ళీ ఎడమకి వచ్చాయి. పేజీ తిప్పింది. సూది గుచ్చింది. ఒక ఫారం కుట్టడానికి పట్టే సమయంలో ఒక ఫారం చదివేసింది. ఏ కష్టమూ లేకుండా, వేరుశనగ కాయలు ఒలుచుకుంటున్నట్టు.

"చదువుతున్నావా?"

"కుడుతున్నానండీ."

"చదువుతున్నట్టుంటేనూ."

"కళ్ళున్నాయిగా, వాటి పని అవి చేసుకుంటాయి." నవ్వింది. "ఈయన నాలుగో ఫారంలో ఒక మాట చెప్పి, పదో ఫారంలో దాన్ని మర్చిపోయాడు. నేను పదోది ముందు కుట్టుంటే ఈయన్ని నమ్మేదాన్ని."

అతను ఆవిడ చేతిలో ఫారం కేసి చూశాడు. తను ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివాడు. నాలుక్కీ పదికీ పొసగదని అతనికి తట్టలేదు. పైగా రెండు చోట్లా 'మిక్కిలి సమంజసము' అని రాశాడు.

"నువ్వు చదివింది ఎన్నో తరగతి దాకా?" అన్నాడు. తెలియక కాదు.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఏడు. ఎందుకు?"

"ఊరికే."

"ఏడో తరగతి వాళ్ళు కుడితే ఊడిపోతుందా ఏం?" అని మళ్ళీ సూది అందుకుంది.

దీపాలు పెట్టే వేళకి అతను వసారాలో కూచుని నోటుబుక్కు తెరిచాడు. తనూ అలా రాయగలడు. రెండు ముక్కలేగా. ఎవరైనా పోయినవాళ్ళ గురించి రాయాలి. తన నాన్న పోయినప్పుడు ఏం మాట్లాడాడో గుర్తు తెచ్చుకుని, 'మా తండ్రిగారు పరమపదించునపుడు' అని మొదలుపెట్టి, కొట్టేశాడు. 'మా నాన్న పోయేటప్పుడు' అని రాశాడు. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. నాన్న చివర అడిగింది కిటికీ తెరవమని. అది రాస్తే ఏముంటుంది? కిటికీ ఉంటుంది. నోటుబుక్కు మూసేశాడు. లోపల ఆవిడ పెన్సిలు గీసిన చప్పుడు, ఎలుక కాగితం కొరుకుతున్నంత సన్నగా, వినపడింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు అంకెలే అనుకున్నాడు.

*

బుధవారం గడిచేసరికి లైబ్రరీ అంతా ఆ పెన్సిలు రాతల మాటే. మేడం ఒకటి రెండు కాగితం మీద ఎక్కించి చదివే గదిలో అంటించింది. అది అంటించడానికీ జిగురు ఇతనే ఇచ్చాడు.

"ఎవరో తెలిసిందా రచయిత గారూ?" అటెండరు కిందికి దిగొచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "అందరూ మాస్టారే అంటున్నారు."

మాస్టారంటే, ఉద్యోగం మానేశాక రోజూ కిటికీ పక్క కుర్చీలో కూచుని పేపరు చదివే పెద్దాయన.

"ఆయనే అన్నాడా?"

"ఎక్కడంటాడు! అడిగితే మీసం కింద నవ్వుకుంటున్నాడు. 'ఎవరు రాస్తే ఏమిటిలే, మాట ముఖ్యం' అన్నాడు. అంటే ఆయన కాదంటారా?"

బైండరు చేతిలో కుంచె జిగురు గిన్నెలో పడింది. తీసి, పిడి తుడిచి, మళ్ళీ ముంచాడు. "వాళ్ళ అక్క పోయిందా?" అన్నాడు.

"ఎవరి అక్క?"

"మాస్టారి అక్క."

"ఆయనకి అక్కెక్కడుంది? ఒక్కడే కొడుకు."

"మరి దుప్పటి ఎవరు ఉతికారని నవ్వుకుంటున్నాడు?" అనేసి, ఎందుకన్నానా అనుకున్నాడు.

అటెండరు అతని మొహం ఎగాదిగా చూసి, "మీకెందుకండీ అంత కోపం? మీ అక్క అయినట్టు," అని వెళ్ళిపోయాడు.

అదే అతనికీ అర్థం కాలేదు. ఆ మాటలు ఆవిడవని నలుగురికీ తెలియడం అతనికి ఇష్టం లేదు. ఇంకెవరో తమవని కొట్టేస్తుంటే అదీ భరించలేకపోతున్నాడు. చదివే గదిలో గోడ ముందు నిలబడి ఇద్దరమ్మాయిలు ఆ కాగితం చదివి నవ్వడం మెట్ల మీంచి చూశాడు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏ రాతకైనా ఒక మనిషి అలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలని ఇరవై ఏళ్ళుగా అతను కోరుకున్నాడు. కోరుకున్నవాడికి రాలేదు. ఏమీ అడగని మనిషికి, కూర పొయ్యి మీద పెట్టి సూది పట్టుకునే మనిషికి, ఊరికే వచ్చింది. ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. ఏ సంగతైనా అతను చెప్పుకునేది ఆవిడతోనే.

శుక్రవారం పొద్దున్న అతను చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ కుట్టడం పూర్తయిన ఏడో పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చింది. అట్ట లేని పుస్తకం. చేతిలో పెడుతూ వెంటనే వదల్లేదు.

"దీన్ని కొంచెం నిదానంగా చూడండి," అంది.

"ఎందుకు, కుట్టు తేడా వచ్చిందా?"

"కుట్టుకేం. బాగానే వచ్చింది." ఇంకేదో అనబోయి, "సరే, వెళ్ళిరండి," అంది.

కింది గదిలో వీపుకి జిగురు రాసి, గుడ్డ అంటించి, మధ్యాహ్నం దాకా బరువు కింద పెట్టాడు. ఆ రోజు ఎండ కాసింది. జిగురు బెట్టు చెయ్యకుండా ఆరింది. పనికి ఇంక ఏ అడ్డమూ లేదు.

ఫారాలు వరసగా ఉన్నాయో లేదో చూడడం అలవాటు. బొటనవేలితో కింది మూల పట్టుకుని జారవిడిచాడు. ఒకటి, రెండు, మూడు. తోక లాగిన ఏడు. అంకెలకి పైన, పక్క అంచులో, బూడిదరంగు గీతలు గాల్లో పక్షుల్లా దూసుకుపోయాయి. ప్రతి ఫారంలోనూ ఉన్నాయి. మిగతా ఆరింటి కంటే ఎక్కువ ఉన్నాయి. కొన్ని చోట్ల అంచు పొడుగునా పైనుంచి కిందికి ఉన్నాయి.

అతను చదవలేదు. చదివితే బాగుంటాయని తెలుసు. బాగుంటే ఇంక తనకి చోటుండదు.

పుస్తకాన్ని కోత మర బల్ల మీద పెట్టాడు. పైనుంచి చెక్కని దించి చక్రం తిప్పి బిగించాడు. గోటి మందం దగ్గర కత్తిని ఆపి చూశాడు. రోజూ కోసేది అంతే. అక్కడ కోస్తే రాతలకి ఏమీ కాదు. మేడం అదీ వద్దంది. చెక్క వదులు చేసి పుస్తకాన్ని కొంచెం ముందుకి జరిపాడు. పిడి లాగాడు. కత్తి మెత్తగా దిగింది. సన్నటి పేలికలు ముందుకి రాలాయి. మాటల చివరలు తెగాయి.

మళ్ళీ జరిపాడు. మళ్ళీ లాగాడు. మాటల నడుములు తెగాయి.

మూడోసారి జరిపినప్పుడు అచ్చక్షరాలకి కత్తి మరీ దగ్గరగా వచ్చింది. పని తెలిసినవాడు గనక ఒక్క అచ్చక్షరం కూడా చెడకుండా కోశాడు. చెక్క ఎత్తితే అంచు అద్దంలా నున్నగా ఉంది. ఇంత నున్నటి కోత అతను ఈ మధ్య కొయ్యలేదు. వేలితో నిమిరి చూసుకుని, పేలికల్ని ఊడ్చి చిత్తు సంచిలో వేశాడు.

*

ఆ సాయంత్రం ఆవిడ కుట్టడం లేదు. వసారాలో మెట్టు మీద కూచుని ఉంది. అతను సంచి దించేదాకా ఆగి, "చూశారా?" అంది.

"దేన్ని?"

"ఏడో పుస్తకాన్ని."

"చూశాను. కుట్టు బిగువుగా ఉంది."

"కుట్టు కాదు." అతని మొహంలోకి చూసింది. "లోపల."

అతను మెట్టు పక్కన నిలబడిపోయాడు. తేలు కుట్టిన దొంగలాగా ఎంతసేపు నిలబడగలడు? "కోసేశాను," అన్నాడు.

"ఎంత?"

"వేలి వెడల్పున."

పని తెలిసిన ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టే ఉంది ఆ మాట. ఆవిడ తన చూపుడువేలిని అడ్డంగా పట్టుకుని, ఎంత పోయిందో చూసుకుంది. పోవాల్సిందంతా పోయిందని తెలిసినట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"చదివి కోశారా, చదవకుండానా?"

"చదవకుండానే."

"మిగతా ఆరూ?"

"ఏం మిగతా ఆరు?"

"వాటిల్లో రాసినవి కూడా చదవలేదా?"

"మొన్న మంగళవారం మేడం చదివి వినిపించేదాకా అవున్నాయనే తెలీదు నాకు."

ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంది. ఏడుస్తుందనుకున్నాడు. నవ్వింది. నవ్వు పూర్తిగా బయటికి రాలేదు.

"కుట్టి ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ మీరు పేజీ పేజీ చూస్తారుగా?"

"కింద అంకెలు చూస్తాను."

"అంకెలేనా?"

"అంకెలే."

"అయ్యో రామా," అంది మెల్లగా. "ఇన్నేళ్ళూ మీరు చదువుతున్నారనుకున్నానండీ నేను. మీరు నోటుబుక్కులో రాసుకుంటున్నారు, నేను మీకు అంచులో చెబుతున్నాననుకున్నా. పైకి అంటే మీకు చిన్నతనంగా ఉంటుంది గదా అని. ఇంట్లో ఒకాయన గడప దాటుతున్నాడని రాసిన రోజు, మీరేం కోప్పడతారోనని అన్నం కూడా తినకుండా కూచున్నా. మీరొచ్చి 'కుట్టు బిగువుగా ఉంది' అన్నారు. పోనీలే, మంచాయన, నవ్వి ఊరుకున్నాడు అనుకున్నా."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటుంది.

"ఏడోదాంట్లో ఏం రాశావు?"

ఆవిడ వీధి కేసి చూసింది.

"ఏం రాశావో చెప్పు."

"మీ నోటుబుక్కు గురించి. మేడం గారికిచ్చే ముందు రెండు రోజులు చట్రం కింద పెట్టుకుని చదివాను. బాగున్న చోట బాగుందని రాశాను."

"బాగున్న చోట్లున్నాయా?"

"ఉన్నాయి. కొట్టేసినవాటిలో ఎక్కువున్నాయి."

"ఏవి? చెప్పు, ఏవి బాగున్నాయి?"

"ఇప్పుడేం చెబుతాను," అని ఆవిడ లేచింది. "పేజీ ముందుంటే వచ్చాయి. వచ్చినప్పుడు రాశాను. కోసేశారుగా."

కోపంగా అనలేదు. తాళం ఎక్కడో పడేసుకున్న మనిషితో అన్నట్టు అంది. అతనికి అది కోపం కంటే బరువుగా తగిలింది.

శనివారం పొద్దున్నే లైబ్రరీ తలుపు తీయించి చిత్తు సంచి బోర్లించాడు. పేలికలు వందల కొద్దీ ఉన్నాయి. ఒక్కోటి అగ్గిపుల్ల కంటే కొంచెం వెడల్పు. బల్ల మీద పరిచి, కోతకి కోత ఆనించి చూశాడు. ఒకదాని మీద దీర్ఘం ఉంది, అది ఏ అక్షరానిదో తెలియదు. ఒకదాని మీద 'మీ' అని స్పష్టంగా ఉంది. దానికి పక్క పేలిక మధ్యాహ్నం దాకా దొరకలేదు. దొరికిందనుకున్నది ఆనిస్తే గీత కలవలేదు.

"చిత్తు కాగితాలతో కథ అల్లుతున్నారా రచయిత గారూ?" అన్నాడు అటెండరు.

"కాదు," అన్నాడు బైండరు. "ఉత్తరం."

*

ఆదివారం పొద్దున్న అతను బయల్దేరుతూ, "వస్తావా?" అన్నాడు. ఆవిడ తల తుడుచుకుంటూ, "నేనెందుకు, వంటుంది," అంది. రెండోసారి అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.

చదివే గదిలో కుర్చీలు వరసగా వేశారు. మాస్టారు ఇస్త్రీ బట్టల్లో ముందు వరసలో కూచున్నాడు. మేడం ఎదురొచ్చి ఆత్రంగా చెయ్యి చాపింది. బైండరు ఏడో పుస్తకం ఇచ్చాడు. ఆవిడ తెరిచింది. నాలుగు పేజీలు తిప్పింది. అచ్చక్షరాలు అంచుని ఆనుకుని ఉన్నాయి. ఇంకో నాలుగు తిప్పింది.

"ఇందులో లేవా?"

"ఉండేవి మేడం."

ఆవిడ అంచు మీద వేలు పెట్టి చూసింది. గొంతు తగ్గించి, "మరలో జరిగిపోయిందా?" అంది. "ఒక్కోసారి జరుగుతుందేమో కదా. పాత మర."

తలూపితే సరిపోయేది. పాత మరే. ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

"జరగలేదు మేడం. నేనే జరిపాను. మూడుసార్లు జరిపి కోశాను."

"ఎందుకు?"

"ఓర్వలేక," అన్నాడు. ఇంతకంటే చిన్న మాట అతనికి దొరకలేదు. "అవి రాసింది మా ఆవిడ. ఏడోదాంట్లో నా గురించి రాసిందట. చదవకుండానే కోశాను."

మేడం పుస్తకం మూసి, అతని మొహం కేసి చూసింది. కోపం వచ్చింది, వచ్చినంత కోపమూ నిలబడలేదు. "మీ ఆవిడా," అంది. తర్వాత ఏదో తట్టి, "అంటే ఆ ఇంట్లో ఆయన..."

"నేనే."

సభ మొదలైంది. నలుగురైదుగురు లేచి తాము చదివినవాటి గురించి చెప్పారు. తర్వాత మేడం ఆరు పుస్తకాలూ ముందు పెట్టుకుని పెన్సిలు రాతలు చదవడం మొదలుపెట్టింది. బైండరు వెనక వరసలో గోడ వారగా కూచున్నాడు. దుప్పటి దగ్గర గది నిశ్శబ్దమయింది. ఒక పేజీ దగ్గరికొచ్చేసరికి మేడం ఆగి తలెత్తింది. ఆ పేజీ తిప్పేయబోతోందని అతనికి తెలిసింది. చదవమన్నట్టు తలూపాడు.

చదివింది. గది గొల్లుమంది. మాస్టారు తొడ మీద చరుచుకుని నవ్వాడు. నవ్వు సద్దుమణిగాక మేడం, "ఇవి రాసింది మన బైండరు గారి భార్య," అంది.

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. తర్వాత ముందు వరస నుంచి వెనక దాకా తలలు ఒక్కొక్కటే అతని వైపు తిరిగాయి. రెండో నవ్వు మొదటిదాని కంటే నెమ్మదిగా వచ్చి, ఎక్కువసేపు ఉంది. మాస్టారు నవ్వలేదు. మెడ సర్దుకుని కిటికీలోంచి చూడసాగాడు. ఆ తర్వాత చప్పట్లు. అవి అతని చుట్టూ పడ్డాయి గాని అతని మీద పడలేదు. అది అతనికి తెలుస్తూనే ఉంది. లోపల ఆ మంట ఆరలేదు. ఆరినట్టు నటించాలని కూడా అనిపించలేదు. చేతులెత్తి అతనూ చప్పట్లు కొట్టాడు, అందరి కంటే కొంచెం ఆలస్యంగా.

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆవిడ వంట ముగించి రెండు కంచాలు పెట్టి ఉంచింది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చి కూచున్నాడు.

"జనం వచ్చారా?" అంది వడ్డిస్తూ.

"నలభై మంది దాకా."

"చదివారా?"

"చదివారు. నీవని చెప్పాను. సంచికలో వేస్తారట."

గరిటె గిన్నెలో ఆగి, మళ్ళీ కదిలింది. "నవ్వారా?"

"నవ్వారు."

"ఎక్కడ?"

"నేనున్న చోట."

ఆవిడ అతని మొహం కేసి చూసింది. ఎడమ నుంచి కుడికి, తొందరేమీ లేకుండా చూసింది. అతను తల దించుకోలేదు. చూడనిచ్చాడు. అప్పుడు ఆవిడ తన కంచం ముందుకి లాక్కుని ఎదురుగా కూచుంది.

ఇద్దరూ అన్నం కలుపుకున్నారు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అతని కంచంలో కూర అయిపోవడం చూసి, ఆవిడ గిన్నె అటు జరిపింది. అతను అడుగున ఉన్నదాంట్లో సగం వేసుకుని, సగం ఉంచి, గిన్నె మళ్ళీ ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ గిన్నెలోకి చూసి, ఉన్నదంతా ఊడ్చి వేసుకుంది.